నీటికి బంగారపు గీటురాయి

అమరకోశమున నీటికి చెప్పబడిన పేర్లలో అమృతము, జీవనము అనునవి కలవు. ఆ కోశముననే నానార్థవర్గమున విషశబ్దమునకు సైతము నీరను అర్థము చెప్పబడియున్నది. ఒకే పదార్థమునకు ఈ రెండు పేర్లు ఎట్లు కలిగినవో నిఘంటుకారులు విచారింతురు గాక. నేటి మన పల్లెలకును పట్టణములకును మాత్రము ఆ రెండర్థములు సార్థకములై కూర్చున్నవి. బోరునుండి గాని వాగునుండి గాని తెచ్చిన బిందెడు నీరు అమృతమో విషమో తెలిసికొను ఉపాయము ఆ నీటిని త్రాగువానికి ఉన్నదా? ఈ ప్రశ్ననే మేము నేడు పాఠకుల ముందుంచదలచితిమి.

బురదనీటిని కన్ను పట్టును. కుళ్లిన నీటిని ముక్కు పట్టును. ఉప్పునీటిని నాలుక పట్టును. సీసము, పాదరసము, కాడ్మియము, మనవారు పాషాణమని వ్యవహరించు ఆర్సెనికము నీటిలో కరగియున్నచో ఈ మూడింద్రియములలో ఒక్కటియు పట్టజాలదు. అవి రంగు లేక, వాసన లేక, రుచి లేక ఉండును. బట్టతో వడపోసినను పోవు. కాచినచో నీరు ఆవిరియగును గాని లోహము అడుగున నిలిచి, మిగిలిన నీటిలో పాలు హెచ్చును. మన దేశపు ప్రమాణముల సంస్థ త్రాగునీటిలో ఒక లీటరునకు సీసము 10 మైక్రోగ్రాములు, ఆర్సెనికము 10, కాడ్మియము 3, పాదరసము 1 మించరాదని నిర్ణయించినది. మైక్రోగ్రామనగా గ్రామును పది లక్షల భాగములు చేయగా వచ్చిన ఒక భాగము. కావున ఒక్క గ్రాము పాదరసము కరగినచో పది లక్షల లీటర్ల నీరు హద్దునకు వచ్చి నిలుచును. ఇంతటి సూక్ష్మమైన శత్రువును పట్టుటకు ఇంద్రియములు చాలవనుట స్పష్టము.

చాలనందున ఇంతవరకు జరిగినదేమి? నీటిని పరీక్షించిన పిమ్మట రోగము తెలియుటకు బదులు, రోగము వచ్చిన పిమ్మట నీటిని పరీక్షించుట జరిగినది. జపానులో మినమాతా అఖాతపు చేపలను తిన్న పిల్లులు మొదట గిరగిర తిరిగి పడి చచ్చినవి. పిమ్మట మనుష్యులకు చేతులు వణకి, మాట తడబడి, చూపు సన్నగిల్లినది. ఆ వ్యాధి 1956 మే 1వ తేదీన అధికారుల దృష్టికి వచ్చినది. కర్మాగారము సముద్రమున విడిచిన పాదరస సంయోగమే కారణమని ప్రభుత్వము ఒప్పుకొనుటకు 1968వ సంవత్సరము రావలసివచ్చెను. ఆ దేశముననే జింజూ నది పరీవాహమున గనులనుండి వచ్చిన కాడ్మియము నదిలో కలిసి, నదినుండి వరిపొలములకు పాఱి, పొలమునుండి అన్నమున చేరి, ఎముకలను పెళుసుబాఱజేసెను. ఆ రోగమునకు ఆ ప్రజలు పెట్టుకొన్న పేరు 'ఇతాయి ఇతాయి', అనగా 'నొప్పి నొప్పి'. వరి పండించు భూస్వాములు ఈ ఉదాహరణమును విశేషించి గమనింపవలెను. నీటిలోని లోహము త్రాగువానితో ఆగదు. అది కాలువ వెంట వచ్చి గాదెలో చేరును.

మన ఇంటి సంగతి చూతము. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని వైద్యులు గుర్తించునప్పటికి పండ్లు గారపట్టి ఎముకలు వంగిన జనులు అచ్చట ఉండనే యుండిరి. ఫ్లోరైడు లోహము కాదు గాని పాఠము ఒక్కటే. నీరు చెప్పవలసిన సంగతిని ఎముకలు చెప్పినవి.

ఇటీవలి సంగతి ఏలూరుది. 2020 డిసెంబరు మొదటి వారమున, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన ఆ పట్టణమున జనులు ఉన్నట్టుండి మూర్ఛిల్లి పడసాగిరి. కొలది దినములలో వందలాది మంది ఆసుపత్రి పాలైరి. ఊరంతయు అడిగిన మొదటి ప్రశ్న 'నీటిలో ఏమున్నది?' అనునదే. ఆ ప్రశ్నకు తృప్తికరమైన ఉత్తరము ఊరిలో దొరకలేదు. నమూనాలు ఢిల్లీకిని హైదరాబాదునకును పోయినవి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు రక్తమున సీసము, నికెలు కనిపించినవనిరి. పిమ్మట హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మున్నగువారి పరిశీలనలో పురుగుమందుల అవశేషములు బయటపడి, నిపుణుల అభిప్రాయము తుదకు ఆ వైపునకే మొగ్గినది. కారణమేదైనను ఆ కొన్ని దినములు ఒక పట్టణము తన కుళాయిని తాను నమ్మలేక, త్రాగక మానలేక గడపెను. ఆ భయమునకు సగము హేతువు వ్యాధియైనచో, తక్కిన సగము అజ్ఞానము. ప్రజల అజ్ఞానమని మా భావము కాదు. తెలిసికొను సాధనము ప్రజలయొద్ద లేకపోవుట యని మా భావము.

లోహములను పట్టు యంత్రములు లేకపోలేదు. అవి లీటరున ఒక మైక్రోగ్రామునకు తక్కువైన లోహమును సైతము లెక్కకట్టగలవు. కాని అవి మిక్కిలి వెలగలవి. వానికి నిలుకడయైన విద్యుత్తు, శుద్ధమైన వాయువులు, శిక్షణ పొందిన పనివారు కావలయును. పల్లెనుండి సీసా వానిని చేరి, ఫలితము పల్లెకు తిరిగివచ్చునంతలో గ్రామస్థుడు ఆ నీటినే త్రాగుచుండును. కావుననే బావి గట్టుననే, సామాన్యుని కంటి ఎదుటనే ఫలితము తెలుపు పరీక్షకొఱకు శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఆ వెదకులాటలో వారికి దొరకిన వస్తువు బంగారము. దానిని సిద్ధపఱచు వంటవాడుగా దొరకినది ఆకు.

బంగారము పచ్చనిదని మనకు పుట్టుకతో తెలిసిన సంగతి. అయితే ఆ పచ్చదనము నగలో ఉన్నంతవఱకే. బంగారమును అత్యంత సూక్ష్మకణములుగా నీటిలో నిలిపినచో ఆ నీరు దానిమ్మరసము వలె ఎఱ్ఱనగును. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేయగా ఒక భాగము నానోమీటరు. మేము చెప్పుచున్న కణముల అడ్డుకొలత పదిమూడు మొదలు ఇరువది నానోమీటర్ల వఱకు ఉండును. ఇరువది నానోమీటర్ల కణములను వరుసగా పేర్చినచో తలవెండ్రుక మందమునకు నాలుగువేలు సరిపోవును. ఈ ఎఱ్ఱని బంగారము క్రొత్తది కాదు. నాలుగవ శతాబ్దిలో రోమకులు చేసిన ఒక గాజుపాత్ర లండనులోని బ్రిటిషు మ్యూజియమున ఉన్నది. వెలుపలి వెలుతురున అది ఆకుపచ్చగను, లోపల దీపముంచిన ఎఱ్ఱగను కనబడును. దానికి కారణము గాజులో చిక్కిన వెండి బంగారముల సూక్ష్మకణములు. చేసినవారికి ఆ కారణము తెలియదు.

కారణమును మొదట వెదకిన మహానుభావుడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమున ప్రఖ్యాతుడైన ఈయన 1857లో లండనులోని రాయల్ సొసైటీ ఎదుట బంగారమునకును కాంతికిని గల సంబంధమును గూర్చి ఉపన్యసించెను. బంగారపు లవణము కరగిన నీటిని భాస్వరముతో కలిపి ఆయన చేసిన ఎఱ్ఱని ద్రవపు సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని భద్రముగా ఉన్నవి. ఆ ద్రవమున కొంచెము ఉప్పు వేసినచో అది నీలవర్ణమునకు మాఱుటను కూడ ఆయన గమనించెను. ఈ చిన్న సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మేము చెప్పబోవు పరీక్షకు ఆధారమును, దాని లోపమునకు మూలమును ఇందే కలవు. కణముల రంగునకు గణితరీత్యా కారణము చూపినవాడు జర్మనీ దేశీయుడు గుస్టావ్ మీ. అది 1908 నాటి మాట.

కారణమును స్థూలముగా చెప్పుదుము. బంగారపు కణమునందలి ఎలక్ట్రానులు కాంతి తాకినప్పుడు ఊగులాడును. కణములు దూరదూరముగా ఉన్నప్పుడు ఆకుపచ్చని కాంతిని మ్రింగును. అప్పుడు మిగిలిన కాంతి కంటికి ఎఱ్ఱగా తోచును. కణములు దగ్గఱకు చేరి గుంపుకట్టినచో పసుపు, ఎఱుపు కాంతులను మ్రింగును. అప్పుడు ద్రవము ఊదాగను నీలముగను కనబడును. సాధారణముగా ఒక్కొక్క కణము పైనను ఒక సన్నని పొర ఉండి, తన విద్యుదావేశముచే కణములను ఒండొంటిని తాకనీయదు. ఆ పొరకు సీసమునో పాదరసమునో పట్టుకొను గుణము కలిగించినచో, నీటిలోని లోహము రెండు కణములను రెండు చేతులతో పట్టి దగ్గఱకు లాగును. ఎఱుపు నీలమగును. త్రాగువాడు కన్నులతో చూచును. పసుపున సున్నము కలిపిన ఎఱ్ఱని పారాణియగుట మన స్త్రీలు నిత్యము ఎఱిగినదే. రంగు మాఱుటను చూచి వస్తువును గుర్తించుట మన ఇండ్లకు క్రొత్త విద్య కాదు.

ఈ ఉపాయముతో 2001లో అమెరికాలోని నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయమువారు సీసము, కాడ్మియము, పాదరసములను రంగు మార్పుచే చూపిరి. 2003లో ఇలినాయి విశ్వవిద్యాలయమువారు జన్యుపదార్థమైన డీఎన్‌ఏను బంగారముతో జతపఱచి సీసమును గుర్తించిరి. 2007లో మరల నార్త్ వెస్టర్న్ వారే పాదరసమును మాత్రమే పట్టుకొను డీఎన్‌ఏ పోగులను వాడిరి. ఇవియన్నియు ప్రయోగశాలలో పుట్టిన నిపుణమైన పద్ధతులు. వానికి వలయు డీఎన్‌ఏ పల్లెలో పండదు.

ఇచ్చటనే ఆకు ప్రవేశించినది. మన దేశమున పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రిగారును వారి సహచరులును ఈ మార్గమున ముందుగా నడచిన వారిలో గణ్యులు. 2003లో జెరేనియము ఆకులతోను, 2004లో వేపాకులతోను నిమ్మగడ్డితోను, 2005లో చింతాకుతోను ఉసిరికకాయతోను వారు బంగారపు సూక్ష్మకణములను చేసి చూపిరి. పద్ధతి ఆశ్చర్యము గొలుపునంత సులభము. ఆకులను కడిగి, శుద్ధజలమున కాచి, కషాయమును వడపోయుదురు. బంగారమును ద్రవరాజమను ఆమ్లమిశ్రమమున కరగించి చేసిన లవణమును నీటిలో కలుపుదురు. అది లేత పసుపు వన్నె గలిగియుండును. దానిలో కషాయము పోసి కలియబెట్టిన కొంతసేపటికి ఆ పసుపు వన్నె మాఱి ద్రాక్షారసపు వన్నె వచ్చును. ఆకులోని వగరు పదార్థములు, చక్కెరలు, మాంసకృత్తులు మొదలగునవి లవణమునుండి బంగారమును విడదీయును. అవియే విడివడిన కణములను పొరవలె కప్పి గుంపుకట్టకుండ కాపాడును. వంటయు వడ్డనయు ఒక్క చేతిమీదనే జరుగునన్నమాట. ఆ పొరలోని భాగములలో కొన్ని లోహములను పట్టుకొను స్వభావము గలవి. కావున వేఱుగా డీఎన్‌ఏ తగిలింపకయే ఆకుతో చేసిన బంగారము కొన్ని లోహములను చూచి రంగు మార్చుకొనును. ఈ రెండు దశాబ్దములలో ప్రపంచమందలి అనేక విద్యాలయములు ఎన్నియో చెట్ల ఆకులు, తొక్కలు, వేళ్లతో ఈ ప్రయోగమును చేయుచు వచ్చినవి.

ఈ సంగతి వినిన కొందఱు మిత్రులు, 'ఇది మన స్వర్ణభస్మమే కదా, పూర్వులు ఎఱిగినదే' యందురు. స్వర్ణభస్మమున సూక్ష్మమైన బంగారపు కణములు ఉన్నమాట నిజమే. మూలికారసములతో లోహములను మర్దించి పుటము పెట్టిన వైద్యుల ఓర్పునకు మేము నమస్కరింతుము. కాని వారు కోరినది ఔషధము. నీటిలోని సీసమును కొలుచుట వారి ఉద్దేశము కాదు, వారు కొలిచినట్లు ఆధారమును లేదు. తాము చేయని పనిని పూర్వులకు అంటగట్టుటచే వారి గౌరవము పెరుగదు. మనము చేయవలసిన పని తగ్గదు. పూనా ప్రయోగశాలలో చింతాకును కాచినవారు మన కాలపువారు. ఆ గౌరవము వారికే చెల్లవలెను.

బంగారమనగానే గృహస్థులు వెలకు జంకుదురు. లెక్క చూతము. ఇట్టి ద్రవములలో సామాన్యముగా వాడు చిక్కదనమున ఒక లీటరునకు పట్టు బంగారము సుమారు 0.2 గ్రాము. పరీక్షకు ఒక మిల్లీలీటరు చాలుననుకొన్నచో 0.2 మిల్లీగ్రాము చాలును. గురిగింజ ఎత్తు బంగారము ఆఱువందల పరీక్షలకు వచ్చును. 11.66 గ్రాముల తులము సుమారు ఏబది ఎనిమిదివేల పరీక్షలకు వచ్చును. ఒక పెండ్లిలో పెట్టు నగతో జిల్లాలోని బావులన్నిటిని పలుమాఱులు పరీక్షింపవచ్చును. ఇందు అసలు ఖర్చు బంగారముది కాదు. శుద్ధజలము, పరిశుభ్రమైన సీసాలు, తప్పులు లేని చేతిపని, నిల్వ, సరఫరా, వీనిది. ఆ ఖర్చును లెక్కింపని ప్రశంసలు కాగితముపై నిలుచునే కాని బావిగట్టున నిలువవు.

ఇంతవఱకు మేము ఈ విద్య గుణములను చెప్పితిమి. ఇక లోపములను చెప్పకపోయినచో పత్రికాధర్మమునకు ద్రోహము చేసినవారమగుదుము. ఏలయన, ఇచ్చట పొఱపాటు పడినచో నష్టపడువాడు పరిశోధకుడు కాడు, నీరు త్రాగు పసిబిడ్డ.

మొదటి లోపము సూక్ష్మత చాలకపోవుట. ఆకుతో చేసిన బంగారముతో జరిపిన పరీక్షలలో పెక్కు మైక్రోమోలారు అను కొలత ప్రాంతమున లోహమును పట్టుచున్నవి. కొన్ని ఇంకను క్రిందికి పోయినవి. వినుటకు ఇది మిక్కిలి సూక్ష్మముగా తోచును. లెక్క వేసిన నిజము బయటపడును. ఒక మైక్రోమోలారు సీసమనగా లీటరునకు 207 మైక్రోగ్రాములు. మన హద్దు 10. అనగా హద్దునకు ఇరువది రెట్లు మించిన పిమ్మట గాని అట్టి పరీక్ష నోరు విప్పదు. పాదరసమునకు అదే కొలత సుమారు 200 మైక్రోగ్రాములు. మన హద్దు 1. రెండువందల రెట్లు మించువఱకు అది మౌనము వహించును. 2007 నాటి ప్రసిద్ధమైన డీఎన్‌ఏ పద్ధతి సైతము సుమారు 20 మైక్రోగ్రాముల పాదరసమువద్దనే ఆగినది. కావున ద్రవము నీలముగా మాఱినచో విషము కలదని అనుమానింపవచ్చును. మాఱకున్నచో విషము లేదని చెప్పుటకు వీలులేదు. ఈ ఒక్క వాక్యము ప్రతి పరీక్షాపేటికపైనను పెద్ద అక్షరములతో ముద్రింపబడవలెనని మా దృఢాభిప్రాయము.

రెండవ లోపము ఫారడే చూచిన ఉప్పు. ప్రయోగశాలలో శుద్ధజలమున సీసమును కలిపి పరీక్షించుట యొకటి. మన బోరునీటిని పరీక్షించుట వేఱొకటి. తెలుగు దేశమున ఎన్నియో బావులలో ఉప్పు, సున్నము, మెగ్నీషియము మెండు. ఇవి కణములమీది ఆవేశమును అణచి, ఏ విషలోహము లేకున్నను వానిని గుంపుగా చేర్పగలవు. అప్పుడు నిర్దోషియైన బావికి దోషము అంటును. నిష్కారణముగా ఒక ఊరు తన బావిని విడిచిపెట్టును.

మూడవది ఆకు స్వభావము. చైత్రమున చిగిర్చిన వేపాకు ఒకటి, శ్రావణమున తడిసిన వేపాకు ఒకటి. ఎఱ్ఱనేల చెట్టు ఒకటి, నల్లరేగడి చెట్టు ఒకటి. ఆకులోని వగరు మాఱినచో కణము పరిమాణము మాఱును, పొర మాఱును, పరీక్ష ఫలితము మాఱును. చెట్టు ఇచ్చు సులభత్వమే నిలుకడకు శత్రువగుచున్నది. విషపదార్థములు లేకుండ బంగారమును చేయుట ఆకులవలననే సాధ్యమయ్యెననుట కూడ అతిశయోక్తి. 1951లో టర్కెవిచ్ పండితుడు ప్రచారమునకు తెచ్చిన పద్ధతిలో వాడునది నిమ్మపులుసులోని ఆమ్లపు లవణమే. అది నిలుకడయైనది, అపాయము లేనిది. కావున ఆకు గొప్పదనమును నిరూపింపదలచినవారు తమ ద్రవమును ఆ పాతదాని ప్రక్కనుంచి, ఒకే బావి నీటిలో రెండింటిని పోల్చి చూపవలెను.

నాలుగవది, ఏ లోహమును అడిగితిమో దానికే బదులు చెప్పకపోవుట. ఒకే ద్రవము సీసమునకు, రాగికి, ఇనుమునకు కూడ రంగు మార్చినచో ఫలితమును ఎట్లు చదువవలెను? ఏలూరును మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నాడు ఈ పరీక్ష అచ్చట ఉన్నను, పురుగుమందు అవశేషములను గూర్చి అది పలుకకపోయెడిది. లోహమునకై చేసిన ద్రవము లోహము మాటనే చెప్పును. అది మౌనముగా ఉన్నంత మాత్రమున నీరు నిర్దోషియని తీర్పు చెప్పరాదు.

అడుగని ప్రశ్నకు మౌనమును అంగీకారముగా తీసికొనుటవలన ఎంతటి అనర్థము వచ్చునో బంగాళము చూపినది. చెఱువునీటి సూక్ష్మజీవులనుండి ప్రజలను కాపాడుటకు తూర్పు బంగాళమున లక్షల కొలది గొట్టపుబావులు త్రవ్విరి. ఆ నీటిలోని ఆర్సెనికమును ఎవరును అడుగలేదు. పశ్చిమ బంగాళమున 1983లోనే కలకత్తా వైద్యుడు కె. సి. సాహా గారు రోగుల చర్మముపై ఆ విషపు గుర్తులను పట్టిరి. 1992లో బ్రిటిషు భూగర్భశాస్త్ర సంస్థ బంగ్లాదేశపు నీటిని పరీక్షించి నివేదిక నిచ్చినది గాని ఆర్సెనికమును పరీక్షింపలేదు. పరీక్షింపలేదన్న సంగతి మఱుగుపడి నీరు మంచిదన్న భావము నిలిచినది. బాధితుడొకడు వ్యాజ్యము వేయగా, అది 2006లో ఇంగ్లండు ప్రభుసభవఱకు పోయి ఓడిపోయినది. న్యాయశాస్త్రము ఏమైనను, మా పాఠము ఇది: ఏమి చూచితిమో చెప్పుటతో పాటు ఏమి చూడలేదో చెప్పుటయు పరీక్షకుని ధర్మము.

అయితే లోపములున్నవని ఈ విద్యను త్రోసివేయుదమా? అదియు అవివేకమే. ఆ బంగ్లాదేశమే మఱియొక పాఠము నేర్పినది. అచ్చట పిమ్మట చేతిపేటికలతో లక్షలాది బావులను పరీక్షించి, విషము గల బావి గొట్టమునకు ఎఱ్ఱరంగును, మేలైనదానికి పచ్చరంగును పూసిరి. ఆ పేటికలు పరిపూర్ణములు కావు. హద్దును సైతము లీటరునకు 50 మైక్రోగ్రాములుగా పెట్టుకొనిరి. అయినను చదువురాని ఇల్లాలు కూడ ఆ రంగును చూచి పొరుగు బావికి బిందె త్రిప్పుకొనినది. ముతక జ్ఞానమైనను త్రాగువాని కంటి ఎదుట ఉన్నచో పనిచేయును. సన్నని జ్ఞానము దూరపు కచేరీలోని బీరువాలో ఉన్నచో పనిచేయదు.

మన దేశమున దీనికి తగిన స్థానము సిద్ధముగానే ఉన్నది. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన జలజీవన పథకమున ప్రతి గ్రామమునను ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ నొసగవలెనను ఏర్పాటు కలదు. వారికిచ్చు పేటికలలో సామాన్యముగా ఉండునవి ఆమ్లత, కాఠిన్యము, ఉప్పు, ఇనుము, ఫ్లోరైడు, నైట్రేటుల పరీక్షలు. సీసము, పాదరసములకు అందు సాధారణముగా చోటులేదు. కర్మాగారముల దిగువనున్న గ్రామములలోనైనను ఆ చోటును బంగారపు ద్రవము నింపగలుగునా యని విచారింపవలెను. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ దిగువన నక్కవాగు రైతులు పడిన బాధ 1990లో సుప్రీముకోర్టున వ్యాజ్యమై, రెండు దశాబ్దములకు పైగా న్యాయస్థానములలో నలిగినది. అట్టి తగవులలో రైతు చేతిలో ఉన్నది ఎండిన పైరును, చచ్చిన చేపయు. ఎదుటివాని చేతిలో ఉన్నది ప్రయోగశాల కాగితము. తేదీ వేసి, వారమువారము వ్రాసి యుంచిన పరీక్షల పుస్తకము గ్రామమున ఉండిన ఆ తగవు స్వరూపమే మాఱును. తుది నిర్ణయము యంత్రమే చెప్పవలెను, నిజము. కాని ఏ దినమున, ఏ వాగునుండి నమూనా తీసి యంత్రమునకు పంపవలయునో చెప్పుటకు గ్రామముననే ఒక కన్ను ఉండవలెను.

అందులకు మేము కోరునవి కొన్ని కలవు. ఈ పరీక్షను ప్రకటించువారు శుద్ధజలమున వచ్చిన ఫలితముతో తృప్తిపడక, తమ జిల్లా బావుల ఉప్పునీటిలో వచ్చిన ఫలితమును కూడ ప్రకటింపవలెను. పట్టగలిగిన కనీస మొత్తమును త్రాగునీటి హద్దు ప్రక్కన వ్రాసి చూపవలెను. ఎల్లప్పుడు మూడు గొట్టములతో పరీక్షింపవలెను: ఒకటి శుద్ధజలము, రెండవది తెలిసిన మొత్తము లోహము కలిపిన నీరు, మూడవది బావినీరు. మొదటిది ఎఱ్ఱగా నిలిచి, రెండవది నీలమైనప్పుడే మూడవదాని మాట నమ్మదగినది. నీలమైన ప్రతి నమూనాయు, నీలము కాని వానిలో కొన్నియు ప్రయోగశాలకు పోవలెను. ఫలితము పంచాయతీ గోడపై అందఱు చదువునట్లు వ్రాయబడవలెను. మన కళాశాలల రసాయన శాఖలు ప్రతి సంవత్సరము క్రొత్త ఆకొకటి కనుగొని వ్యాసము వ్రాయుటకన్న, ఒక్క ఆకును పట్టి ఆఱు ఋతువులలోను అది ఒకే ఫలితము నిచ్చునట్లు సాధించుట దేశమునకు ఎక్కువ మేలు.

మఱియొక మాట. నీటిని పరీక్షించు భారము గ్రామస్థునిపై పెట్టి, నీటిని చెఱచినవాని భారమును తేలిక చేయుట మా అభిమతము కాదు. కాపలా కుక్కను పెంచుకొన్నంత మాత్రమున దొంగకు శిక్ష తప్పరాదు. తెలిసికొను హక్కు త్రాగువానిదైనచో, శుభ్రముంచు విధి విడుచువానిది. ఆ విధిని అమలు జరుపుట ప్రభుత్వముది.

ఇన్నాళ్లును మనము బంగారమును గీటురాయిపై గీచి, అది మేలిమియో కాదో తేల్చుకొంటిమి. ఇప్పుడు బంగారమే గీటురాయియై మన నీటి మంచిచెడ్డలను చెప్పుటకు సిద్ధమగుచున్నది. గీటురాయిని నమ్ముటకు ముందు కంసాలి దానిని పరీక్షించి చూచుకొనును. మనమును అట్లే చేయుదము. అప్పుడు గాని, బిడ్డకు మంచినీళ్లు అందించు తల్లి తన చేతిలోనిది నిఘంటువు చెప్పిన రెండర్థములలో ఏదో ఎఱుగజాలదు.